మైకులో చదివిన పేరు

కాటా మాస్టారికి సన్మానం చేయాలనుకుంటున్నామని పశువుల డాక్టరమ్మ ఇంటికొచ్చి చెప్పేసరికి, మిషనమ్మ ఒక స్కూలు నిక్కరుకి అంచు మడుస్తోంది. తల ఎత్తకుండానే, ఆయన్నే అడగమంది. అనేశాక గానీ ఆ మాటలో అర్థం లేదన్న సంగతి తనకే తట్టలేదు. సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టి, వచ్చినావిడకి కుర్చీ చూపించింది.

ఆయన్ని అడగడానికి లేదు. పది నెలల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు చచ్చుబడ్డాయి. మాట పడిపోయింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాక ఒకే ఒక్క మాట తిరిగొచ్చింది. "అదే." ఆకలేసినా అదే, దాహమేసినా అదే, దిండు సర్దమన్నా అదే. మాటలు నేర్పడానికి వచ్చిన అమ్మాయి ఆయన్ని అద్దం ముందు కూర్చోబెట్టి, పెదాలు ఎలా కదపాలో రెండు నెలల పాటు చూపించింది. చివరికి, వినేదంతా ఆయనకి అర్థమవుతోందనీ, చెప్పాలనుకున్నది మాత్రం నాలుక దాకా రావడం లేదనీ, ఇంక రాకపోవచ్చనీ మెల్లగా చెప్పి వెళ్ళిపోయింది.

ఇద్దరి పేర్లూ ఊరు పెట్టినవే. ఆయన తూకం యంత్రాలు బాగుచేసేవారు. కిరాణా కొట్టు త్రాసు మొదలుకొని లారీలెక్కే పెద్ద కాటా దాకా, ముల్లు ఎటు మొగ్గినా ఆయన రావలసిందే. ఆమె ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని, పెళ్ళయిన నాటినుంచీ స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతోంది. ఒకరిది తూకం, ఒకరిది కొలత, ఆ ఇంట్లో కూర వండినా ఉప్పు పిసరు ఎక్కువ కాదు, పిసరు తక్కువ కాదు అని వీధిలోవాళ్ళు నవ్వుకునేవారు.

ఏటా పంటలు ఇంటికి చేరాక ఊరి చివరి మైదానంలో అయిదు రోజులు జిల్లా రైతుల ప్రదర్శన జరుగుతుంది. ఆవులు, మేకలు, కోళ్ళు, ఒక మనిషి ఎత్తలేని గుమ్మడికాయలు, అల్లికలు, పిల్లలు పెంచిన కుందేళ్ళు, అన్నిటికీ పోటీలూ బహుమతులూ ఉంటాయి. ముప్ఫై నాలుగేళ్ళ కిందట అక్కడ పశువుల్ని తూచే కాటా మొరాయిస్తే బాగుచేసి రావడానికి వెళ్ళిన మనిషి, సాయంత్రానికల్లా మేకల వరస సర్దుతూ కనిపించారు. మరుసటేడు ఆయనే కార్యదర్శి. జీతం లేదు, బత్తెం లేదు. పాకలు వేయించడం, నీళ్ళ తొట్లు కడిగించడం, బహుమతి రాలేదని అలిగినవాళ్ళని బతిమాలడం, ఆఖరి రోజు మైకు ముందు నిలబడి గెలిచినవాళ్ళ పేర్లు చదవడం, అంతా ఆయనే. ఆయన గొంతులో తమ పేరు వినడం కోసమే దూడని పెంచేవాళ్ళున్నారని డాక్టరమ్మ చెప్పింది. ఆరేళ్ళ కిందట ఈ ఊరికి బదిలీ మీద వచ్చి, మాస్టారి దగ్గరే పని నేర్చుకుని, ఆయన పడిపోయాక కార్యదర్శి బాధ్యత ఎత్తుకున్నది ఆవిడే.

ఆ గొంతు ఇంట్లో పెద్దగా వినిపించేది కాదు. భోజనం వడ్డించమనడం, గొడుగు ఎక్కడుందని అడగడం, కరెంటు వాడొచ్చాడా అని కనుక్కోవడం, అంతవరకే.

పశువుల్ని తూచి బహుమతులిచ్చే పెద్ద పాకకి మాస్టారి పేరు పెడుతున్నామనీ, బోర్డు కూడా రాయించామనీ డాక్టరమ్మ చెప్పింది. తర్వాత కాస్త నీళ్ళు నమిలి, ఆయన మాట్లాడలేరు గనక ఆయన తరఫున మిషనమ్మే నాలుగు మాటలు చెప్పాలని అడిగింది.

"నేనా మైదానంలో అడుగుపెట్టి ఇరవై ఆరేళ్ళయింది డాక్టరుగారూ" అంది మిషనమ్మ. "నాకేం తెలుసని చెప్పను?"

కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉన్న మాస్టారు ఎడమచేత్తో కుర్చీ చేతిని తట్టారు. "అదే" అన్నారు. మళ్ళీ తట్టి, మళ్ళీ అన్నారు. ఆయన కళ్ళలో అంత పట్టుదల ఆమె ఈ పది నెలల్లో చూడలేదు. సరేనంది. ఆయన కోసమే ఒప్పుకుంది.

వాళ్ళకి ఒక్కతే కూతురు. తొమ్మిదేళ్ళు. ప్రదర్శన రోజులొస్తే స్కూలు నుంచి అటే పరిగెత్తి, తండ్రి వెనకాలే పాకలన్నీ తిరిగి, చీకటి పడేవేళకి ఆయన వేలు పట్టుకుని ఇంటికొచ్చేది. ఆ ఏడు తనూ పిల్లల పోటీలో ఒక బూడిదరంగు కుందేలుని పెట్టింది. ప్రదర్శన రెండో రోజు జ్వరం తగిలింది. మూడో రోజు పొద్దున తల్లి లేపితే కళ్ళు తెరవలేదు. మైదానానికి కబురు వెళితే ఆయన చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చారు. ఇద్దరూ ఆసుపత్రిలోనే కూర్చున్నారు. మెదడుకి పాకిందన్నారు డాక్టర్లు. నాలుగో రోజు మధ్యాహ్నం పిల్ల పోయింది. సాయంత్రానికి మట్టి చేసి వచ్చారు.

అయిదో రోజు మధ్యాహ్నం, ఇంటినిండా బంధువులుండగా, ఆయన చొక్కా వేసుకుని ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్ళారు. చావు ఇంట్లో వెయ్యి పనులుంటాయి, ఏదో పని మీద వెళ్ళారనుకుంది ఆమె. మైదానం అక్కడికి మూడు వీధుల అవతల. కాసేపటికి కిటికీలోంచి ఆయన గొంతు వినిపించింది. ఆవుల విభాగంలో మొదటి బహుమతి ఎవరిదో చెబుతోంది. తర్వాత మేకలు. తర్వాత కోళ్ళు. ఏటా వినిపించే గొంతే. ఎక్కడా వణకలేదు, ఎక్కడా తడబడలేదు. బంధువులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆమె లేచి వెళ్ళి కిటికీ మూసేసింది.

చీకటి పడ్డాక ఆయన తిరిగొచ్చారు. ఎందుకెళ్ళారని ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు. ఆ తర్వాత ఇద్దరూ ఎప్పుడూ పోట్లాడుకోలేదు. ఆమెకి ఒంట్లో బాగోకపోతే ఆయనే వంట చేసేవారు. ఆయన బూట్లు ఆమే తుడిచేది. పైనుంచి చూసినవాళ్ళు అన్యోన్యమైన జంటనే అనుకునేవారు. పాప పేరు మాత్రం ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఆయన ఏడాది పొడుగునా ప్రదర్శన పనుల్లో మునిగి ఉండేవారు. ఆమె మిషను తొక్కుతూ ఉండేది.

నిరుడు ప్రదర్శన ముగిసిన రోజు ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి, తనంతట తానే ఒక మాటన్నారు. "ఇంక చాలు. వచ్చే ఏడు నుంచి ఇంట్లోనే ఉంటాను." ఆ రాత్రి ఆమెకి బాగా నిద్రపట్టింది. ఆయన ఇంటిపట్టున ఉంటే ఎప్పుడో ఒక మధ్యాహ్నం, కోపంగా కాదు, ఊరికే, ఆ రోజు ఎందుకెళ్ళారని అడగొచ్చు. ఆయన చెబుతారు. అడిగే ధైర్యం కూడదీసుకుంటూ ఉండగానే రెండు నెలలు గడిచాయి. ఒక పొద్దున ఆయన పళ్ళు తోముకుంటూ తోముకుంటూ పెరట్లో కూలబడిపోయారు.

సన్మానం రోజుకి ఆమె ఆయనకి కొత్త చొక్కా కుట్టింది. ఒంటిచేత్తో పెట్టుకోలేరని గుండీలు మానేసి, లోపల అంటుకునే పట్టీలు వేసి, పైకి కనిపించడానికి మటుకు గుండీలు కుట్టింది. డాక్టరమ్మ పంపిన వ్యానులో ఇద్దరూ మైదానానికి వెళ్ళారు. ఆమె అటూ ఇటూ చూడకూడదనుకుంది గానీ, గడ్డి వాసన, పేడ వాసన, రంపపు పొట్టు వాసన ఒక్కసారిగా ముక్కుకి తగిలేసరికి కాళ్ళు ఆగిపోయాయి. ఆ వాసనతోనే పాప రోజూ ఇంటికొచ్చేది. గౌను విప్పించి ముందు స్నానానికి తరిమేది తను.

జనం మాస్టారి చుట్టూ మూగారు. ఒక ముసలాయన తన మేకపోతుని కుర్చీ దాకా లాక్కొచ్చి చూపించాడు. కోళ్ళు పెంచే అక్కాచెల్లెళ్ళు ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. అందరికీ ఆయన "అదే" అన్నారు. ఎవరికి కావలసిన జవాబు వాళ్ళు అందులోనే విన్నారు. నా మేక బరువు తగ్గిందంటావా మాస్టారూ అని ఒకడడిగితే, "అదే" అనగానే చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. మాస్టారు కూడా నవ్వారు, మూతి ఒకవైపే.

ఆయన్ని పాకలన్నీ తిప్పి తీసుకొస్తానని డాక్టరమ్మ కుర్చీ తోసుకుంటూ వెళ్ళింది. మిషనమ్మ వేదిక వెనక ఒక బల్ల మీద కూర్చుని, డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చదువుకోసాగింది. నిస్వార్థం, సేవాభావం, ఆదర్శం. చదివినకొద్దీ ఎవరో తెలియని మనిషి గురించి చదువుతున్నట్టే ఉంది. ఆ పక్కనే తీగలు విప్పుతున్న మైకాయన ఆమెని చూసి వచ్చి, కాస్త ఎడంగా కూర్చున్నాడు. ప్రదర్శనకి మొదటినుంచీ మైకుసెట్టు పెట్టేది అతనే. మాస్టారిని అన్నయ్య అనేవాడు. వదినగారు ఇన్నాళ్ళకి వచ్చినందుకు సంతోషమన్నాడు. కాసేపు మాస్టారి ఆరోగ్యం గురించి అడిగాడు. తర్వాత, ఆమెకి తెలిసిన సంగతే అన్నట్టు చెప్పాడు.

"ఆ రోజు చదివినట్టు అన్నయ్య మళ్ళీ ఎప్పుడూ చదవలేదు వదినా. పాప పేరు చదివిన రోజు."

మిషనమ్మ కాగితం దించింది. "ఏ పేరు?"

అతను తెల్లబోయాడు. ఆమె మొహం చూశాక, తను నోరు జారానేమోనని సందేహించాడు. చెప్పమంది ఆమె. మొత్తం చెప్పమంది.

ఆ రోజు మాస్టారు బహుమతులివ్వడానికి రాలేదట. కుందేలు కోసం వచ్చారట. పిల్ల పోయిన కబురు తెలిసి, బహుమతులు లేకుండానే అందరినీ ఇళ్ళకి పంపేద్దామని పెద్దలు నిశ్చయించారు. కానీ పిల్లలు పొద్దుటినుంచీ తమ జంతువుల్ని ఒళ్ళో పెట్టుకుని ఎండలో కూర్చునే ఉన్నారు. మాస్టారు గూడు తలుపు తీసి కుందేలుని చేతుల్లోకి తీసుకున్నాక, వాళ్ళలో ఒక చిన్నపిల్ల వచ్చి, మా పేర్లు చదవరా మామయ్యా అని అడిగింది. ఆయన కుందేలుని మైకాయన చేతికిచ్చి, అతని దగ్గరున్న జాబితా తీసుకున్నారు.

"పిల్లల పోటీలో గెలుపోటములు తేల్చింది మూడో రోజు. అప్పటికి మీరిద్దరూ ఆసుపత్రిలో ఉన్నారు. ఆ కాగితంలో ఏముందో ఆయనకి తెలీదు వదినా. నాకు తెలుసు. వద్దు అన్నయ్యా, నేను చదువుతానని చెబుదామనుకున్నాను."

ఆవులు, మేకలు, కోళ్ళు అయ్యాయి. పిల్లల విభాగం వచ్చింది. మొదటి బహుమతి చదివారు. రెండోది చదివారు. మూడోది పాపది. పేరూ, ఏ క్లాసో, బూడిదరంగు కుందేలూ, ఉన్నది ఉన్నట్టు అదే గొంతుతో చదివారు. చదివి ఆగారు.

"వెనక వరసలోంచి పిల్ల లేచి నడిచి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగాడు" అన్నాడు మైకాయన. "మైదానంలో ఒక్క మనిషి కదల్లేదు. తర్వాత గుమ్మడికాయలు చదివాడు."

అంతా అయ్యాక మాస్టారు పాక వెనక గడ్డిమోపుల మధ్య కూలబడిపోయారట. చీకటి పడేదాకా ఎంత పిలిచినా లేవలేదట. కుందేలుని ఇంటికి తీసుకెళ్ళలేననీ, అది కళ్ళముందు తిరుగుతుంటే ఆమె తట్టుకోలేదనీ చెప్పి, మైకాయనకే ఇచ్చేశారట. అది వాళ్ళింట్లో ఆరేళ్ళు బతికింది. మాస్టారు ప్రతి ఆదివారం వచ్చి దాని దగ్గర కూర్చునేవారు. ఆకులు తినిపిస్తూ పాప కబుర్లు చెప్పేవారు.

ఆదివారాలు ఆమెకి గుర్తున్నాయి. గోదాములో కాటా చూసి రావాలని చెప్పి వెళ్ళేవారు. పనిమంతుడు, ఆదివారమూ సెలవు లేదని చుట్టాలతో చెప్పుకునేది తను. ఆరేళ్ళ ఆదివారాలు. ఆమెకి మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఎవరింట్లోనో, ఎవరి పెరట్లోనో కూర్చుని తన కూతురి గురించి మాట్లాడారు. తను ఇంట్లో మిషను ముందు కూర్చుని, ఆయనకి బిడ్డ గుర్తే లేదనుకుంది.

"నాకు చెప్పొచ్చుగా" అంది. మైకాయన చేతిలోని తీగని చుట్ట చుట్టాడు, విప్పాడు. మీరు అడుగుతారేమోనని చూసేవాడు వదినా, అన్నాడు చివరికి.

సభ మొదలైంది. ముఖ్య అతిథి మాస్టారి గురించి పావుగంట మాట్లాడి, అందులో పన్నెండు నిమిషాలు తన గురించే చెప్పుకున్నాడు. బోర్డు మీది గుడ్డ తీశారు. చప్పట్లు కొట్టారు. డాక్టరమ్మ మిషనమ్మని పిలిచింది. ఆమె వేదిక ఎక్కి, కళ్ళజోడు పెట్టుకుని, కాగితం విప్పి, మళ్ళీ మడిచేసింది.

"ఈయన ఇంట్లో మాట్లాడేవారు కాదు" అంది. జనంలో కొందరు నవ్వారు. ఆమె ఆగలేదు. "ఉన్న మాటలన్నీ ఇక్కడే అయిపోయేవనుకునేదాన్ని. మీరంతా ముప్ఫై నాలుగేళ్ళు ఆయన్ని విన్నారు. నేను ఒక్కరోజు వినాల్సింది. ఆ రోజు కిటికీ వేసుకున్నాను. ఇవాళే తెలిసింది. ఇంకేం చెప్పాలో నాకు తెలీదు."

చిన్నవాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. అర్థమైన పాతవాళ్ళు తలలు దించుకున్నారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, పక్కవాళ్ళు కొట్టకపోయేసరికి ఆపేశారు. కుర్చీలో ఉన్న మాస్టారు ఎడమచెయ్యి చాచి మైకు పట్టుకున్నారు. డాక్టరమ్మ దాన్ని ఆయన నోటిదగ్గర పట్టుకుంది. ఆయన పెదాలు కదిలాయి, మెడనరాలు ఉబ్బాయి. "అదే" అన్నారు. భార్య వైపు చూస్తూ ఇంకోసారి ప్రయత్నించారు. మళ్ళీ అదే వచ్చింది. కొమ్ము మైకుల్లోంచి ఆ ఒక్క మాట మైదానమంతా వినిపించింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె వెళ్ళి ఆయన చేతిని మైకు మీదినుంచి మెల్లగా విడిపించి, తన చేతిలోకి తీసుకుంది.

ఇంటికొచ్చాక ఆయనకి చొక్కా మార్చి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. మైకాయన చెప్పినదంతా చెప్పింది. నిజమేనా అని అడిగితే ఆయన తలూపారు. ఆదివారాలు కూడానా అంటే, దానికీ తలూపారు. ఆమె తన సంగతి చెప్పింది. ఆవుల పేర్లు, మేకల పేర్లు విన్నాననీ, కోళ్ళ దగ్గర లేచి కిటికీ వేశాననీ, ఇరవై ఆరేళ్ళూ ఆయన్ని రాయి అనుకున్నాననీ చెప్పింది. ఆయన ఎడమచెయ్యి ఆమె తల మీద పెట్టారు.

ఆ తర్వాత మాస్టారు ఏడు నెలలు బతికారు. ఆ ఏడు నెలలూ ఆమె మిషను ఆయన కుర్చీ పక్కకి జరుపుకుని, కుడుతూ కుడుతూ పాప గురించి మాట్లాడింది. పళ్ళూడినప్పుడు ఎలా నవ్వేదో, జడ వేయించుకోవడానికి ఎంత పేచీ పెట్టేదో చెబితే ఆయన తలూపేవారు, ఒకవైపు మూతితో నవ్వేవారు. తన దగ్గరున్నవన్నీ చెప్పేసింది. ఆయన దగ్గరున్నవి రాబట్టడమే కుదరలేదు. రోజూ మైదానం నుంచి నడిచి వచ్చేటప్పుడు తండ్రీకూతుళ్ళు ఏం మాట్లాడుకునేవారో ఆమెకి ఎప్పటికీ తెలియలేదు. ఒకరోజు, ఆ కుందేలుకి పాప ఏదో పేరు పెట్టిందన్న సంగతి గుర్తొచ్చింది. పేరు మాత్రం ఎంత ఆలోచించినా గుర్తుకి రాలేదు. ఆయన్ని అడిగింది. ఆయనకి తెలుసు. కళ్ళు వెలిగాయి, పెదాలు కదిలాయి, అయినా రాలేదు. ఎడమచేతికి పెన్సిలిస్తే కాగితం మీద వంకరగీతలు పడ్డాయి. వారం రోజుల పాటు ఆమె ఒక్కో అక్షరం పలుకుతూ పోయింది, ఆయన తల అడ్డంగా ఊపుతూ పోయారు. ఒక సాయంత్రం ఆయన ఏడ్చేశారు. ఇంక వద్దులెండి, అంది ఆమె. మైకాయనని అడిగితే, తమ ఇంట్లో దాన్ని ఊరికే కుందేలనే పిలిచేవాళ్ళమన్నాడు.

మాస్టారు పోయిన నెలకి ఆమె ప్రదర్శన ఆఫీసుకి వెళ్ళింది. ఇరవై ఏడేళ్ళ కిందటి నమోదు పుస్తకం ఉందా అని డాక్టరమ్మని అడిగింది. బీరువా అడుగునుంచి వెతికి తీశారు. చెమ్మకి అట్ట ఊడింది గానీ లోపలి కాగితాలు బాగానే ఉన్నాయి. పిల్లల విభాగంలో పాప పేరు దొరికింది. పక్కన క్లాసు, ఆ పక్కన బూడిదరంగు కుందేలు, ఆడది, మూడో బహుమతి. జంతువు పేరు రాసే గడి ఆ పుస్తకంలో లేదు.

ఆమె ఆ వరస రెండుసార్లు చదివింది. డాక్టరమ్మ కాసేపు కూర్చోమంది. స్కూళ్ళు తెరిచే రోజులనీ, కుట్టాల్సిన యూనిఫారాలు చాలా మిగిలిపోయాయనీ చెప్పి, పుస్తకం తిరిగిచ్చేసి ఇంటికి బయల్దేరింది.